హజ్రత్ ఉమర్ (రజి) దివాను: అందరి వాటా ఎంతవరకు?

పని చేసినా చేయకపోయినా ప్రతి పౌరునికీ ప్రభుత్వం కొంత నగదు ముట్టజెప్పాలన్న ఆలోచనకు భారత ప్రభుత్వపు 2016-17 ఆర్థిక సర్వే ఒక అధ్యాయమే కేటాయించింది. సంపన్నులపై అదనపు పన్ను వేయనిదే అంత సొమ్ము ఎక్కడిదన్న వాదం దాని వెన్నంటే వస్తుంది. ఇటువంటి పథకానికి తొలి ఉదాహరణగా హజ్రత్ ఉమర్ (రజి) నెలకొల్పిన దివానును పేర్కొనేవారున్నారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుంది?

ముందు సొమ్ము సంగతి. ఇరాక్‌లోని సవాద్ ప్రాంతం జయించబడినప్పుడు ఆ సారవంతమైన భూములను తమకు పంచిపెట్టాలని యోధులు కోరారు. హజ్రత్ బిలాల్ (రజి) వంటివారే ఆ పక్షాన గట్టిగా వాదించారు. నేడున్నవారికే పంచివేస్తే రేపు పుట్టబోయేవారికి ఏమి మిగులుతుందని ఖలీఫా ప్రశ్న. అల్ హష్ర్ సూరాలో తర్వాతి తరాల ప్రస్తావన ఆయనకు ఆధారమైంది. వాదం కొన్నాళ్లు సాగిన పిదప భూమి రైతుల చేతిలోనే ఉండిపోయింది. దానిపై ఖరాజు విధించబడింది. జిజ్యా సైతం స్థోమతను బట్టి 48, 24, 12 దిర్హములుగా నిర్ణయమైంది. ఈ వివరాలు ఇమాం అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో పొందుపరచారు.

ఇక పంపకం. హిజ్రీ 20లో పేర్ల పట్టిక తయారయింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) అందరికీ సమానంగా ఇచ్చేవారు. సేవల ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంటుంది, ఇది మాత్రం బ్రతుకుతెరువు అన్నది వారి అభిప్రాయం. ఉమర్ (రజి) అలా చేయలేదు. బద్ర్ యోధులైన ముహాజిర్లకు ఏడాదికి 5,000 దిర్హములు. తర్వాతివారికి క్రమంగా తక్కువ. సొంత కుమారునికి మాత్రం తోటి ముహాజిర్ల కంటే తగ్గించి ఇచ్చారు, తండ్రి వెంట వలస వచ్చినవాడని!

పసిపిల్లల భత్యం మొదట పాలు మాన్పించిన తర్వాతే మొదలయ్యేది. ఒక రాత్రి ఆగకుండా ఏడుస్తున్న బిడ్డను గురించి ఆయన విచారించగా, భత్యం కోసమే తల్లి ముందుగా పాలు మాన్పిస్తున్నదని తెలిసింది. ఆ నియమం రద్దయింది. పుట్టిన నాటి నుండే భత్యం ఇవ్వసాగారు. ధాన్యం విషయంలో ఆయన లెక్క మరింత ముచ్చటైనది. ఒక జరీబు ధాన్యం పిండి పట్టించి, రొట్టెలు కాల్చి, నూనెతో ముప్పయి మందికి ఒక పూట పెట్టించారు. రాత్రి మళ్లీ అంతే. అందరికీ సరిపోయింది. కనుక మనిషికి నెలకు రెండు జరీబులు! పురుషుడు, స్త్రీ, బానిస అన్న తేడా ఇందులో లేదు.

అయినప్పటికీ దివాను నేటి అర్థంలో సార్వత్రికం కాదనే చెప్పాలి. అది ప్రధానంగా యోధుల, వారి కుటుంబాల పట్టిక. ఖరాజు చెల్లించిన సవాద్ రైతు పేరు అందులో కనబడదు. బిచ్చమెత్తుతున్న ఒక అంధ యూద వృద్ధునికి జిజ్యా మాఫీ చేసి బైతుల్ మాల్ నుండి సహాయం ఇప్పించిన ఉదంతం ఉన్నది గాని, అది అవసరాన్ని చూసి ఇచ్చినది, హక్కుగా అందరికీ ఇచ్చినది కాదు. పైగా హెచ్చుతగ్గుల వాటాలు కొందరి చేతిలో సంపద పోగుపడడానికి దోహదం చేశాయి. ఈ లోపం ఖలీఫాకూ తోచినట్లున్నది. బ్రతికి ఉంటే చివరివారిని మొదటివారితో సమానం చేస్తాననీ, ధనికుల మిగులు సొమ్ము తీసి పేద ముహాజిర్లకు పంచేవాడిననీ ఆయన అన్నట్లు ఉల్లేఖనాలున్నాయి. జకాత్ చాలనప్పుడు పేదల అవసరాలు తీర్చవలసిందిగా ధనికులను పాలకుడు నిర్బంధించవచ్చని నాలుగు శతాబ్దాల తర్వాత అందలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ (994-1064) వాదించాడు. జకాత్‌కు మించి ధనంలో విధిగా హక్కేదీ లేదన్న పండితులూ లేకపోలేదు.

హిజ్రీ 23లో ఉమర్ (రజి) సవాద్ పన్నులు చూసే ఇద్దరు అధికారులను పిలిచి, భూమిపై మోయలేని భారం వేశారా అని అడిగారు. మోయగలిగినంతే వేశామన్నారు వారు. మరొకసారి చూసుకోండని హెచ్చరించి, అల్లాహ్ తనను బ్రతకనిస్తే ఇరాక్ వితంతువులు ఇక ఎవరి మీదా ఆధారపడనక్కర లేకుండా చేస్తానన్నారు. నాలుగు రోజులైనా గడవకముందే ఆయన కత్తిపోట్లకు గురయ్యారు.