పత్తికొండలో ముగిసిన మన్రో దొర ప్రయాణం

మా పత్తికొండ మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్రకెక్కింది ఒక చావుతో. 1827 జూలై 6న గవర్నర్ సర్ థామస్ మన్రో ఇక్కడి మకాంలో వాంతిభేదితో కన్నుమూశాడు. పదవి దిగి స్వదేశానికి పోయేముందు దత్తమండలాన్ని కడసారి చూసిపోదామని వచ్చిన మనిషి! అప్పట్లో మా ఊరు బళ్ళారి జిల్లాలో ఉండేది.

గ్లాస్గోలో పుట్టి, 1780లో సిపాయి పటాలాల కొలువుకు మద్రాసు వచ్చి, హైదరలీతో యుద్ధంలో పోరాడినవాడు. 1792లో సేలం వైపు బారామహల్ సీమలో శిస్తు లెక్కలు చేతికొచ్చాక కత్తికంటే కలానికే పని ఎక్కువైంది. 1800లో నిజాం ఈ దత్తమండలాన్ని కుంపిణీకి ధారాదత్తం చేయగా, మేజర్ మన్రో కలెక్టరై వచ్చాడు. ఎనభై మంది దాకా పాలెగాళ్ళను అణచాడు. ఆ పని మెత్తగా జరగలేదు, దాన్ని దాచి ఆయన్ను పొగడటం నాకిష్టం లేదు.

నేను ఆయన్ను గౌరవించేది మరో పనికి. రైతుతో సర్కారే నేరుగా శిస్తు కట్టించుకునే రైతువారీ కింద పొలం పొలం కొలిపించి శిస్తు కట్టాక, అది రైతు మోయలేని బరువని తానే ఒప్పుకున్నాడు. పంటలో మూడోవంతు మించరాదని, నూటికి ఇరవై అయిదు తగ్గించమని 1807లో పైవాళ్ళకు రాశాడు. వాళ్ళు వినలేదు. పైగా ఊళ్ళకు ఊళ్ళే గుత్తకిచ్చారు, రైతులు చితికిపోయారు. 1820లో గవర్నరై తిరిగొచ్చినప్పుడు, పదమూడేళ్ళనాటి ఆ మాటను మరిచిపోకుండా తగ్గింపు అమలు చేయించాడు. అధికారం దక్కాక పాత మాట గుర్తుంచుకున్న పాలకులు ఏ కాలంలోనైనా ఎందరు?

అందుకే ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి దర్శనమైందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన చనిపోయిన చోట సర్కారు రాతి మెట్ల బావి తవ్వించి, తోపు నాటించింది. నీళ్ళకు మొహం వాచే మా సీమలో అంతకుమించిన స్మారకం లేదు. భౌతికకాయాన్ని గుత్తికి మోసుకెళ్ళి కోట కొండ కింది శ్మశానంలో పూడ్చారు. 1831లో అక్కణ్ణుంచి తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చారు. గుత్తి కోట చూడవచ్చేవాళ్ళు ఆ పాత శ్మశానంలోకీ ఒకసారి వెళ్ళిరండి.