దమ్ము కాలంలో విప్పిన ట్రాక్టర్ టైర్లు, స్టెప్నీలు - భద్రపరిచే పద్ధతులు

వరి నాట్లకు ముందు దమ్ము చేయడానికి చాలామంది రైతులు ట్రాక్టర్ వెనుక రబ్బరు చక్రాలు విప్పి పూర్తి ఇనుప చక్రాలు, అంటే ఫుల్ కేజ్ వీల్స్, బిగిస్తారు. విప్పిన చక్రాలు కొన్ని వారాలపాటు ఇంటి గోడకో, చెట్టుకో ఆనించి ఉంటాయి. ట్రాలీ స్టెప్నీ, పాత టైర్లు కూడా ఆ పక్కనే పడి ఉంటాయి. అది వర్షాకాలం. పిల్లలు ఆడుకునేదీ అక్కడే. కాబట్టి వాటిని ఎక్కడ, ఎలా పెడుతున్నామన్నది టైరు మన్నికతో పాటు ఇంట్లోవాళ్ల క్షేమానికి కూడా సంబంధించిన విషయం.

1. చక్రం పడిపోకుండా జాగ్రత్త

బరువు కోసం టైరులో నీరు నింపి ఉంటే, విప్పే ముందే తీసేయండి. వెనుక టైరులో వంద లీటర్లకు పైగా నీరు పడుతుంది. రిమ్, నీరు కలిపితే ఒక్క చక్రం బరువు రెండు క్వింటాళ్లు దాటవచ్చు. అది ఒరిగితే పెద్దవాళ్లు కూడా ఆపలేరు.

• ట్రాక్టర్‌ను గట్టి, సమతల నేలపై నిలిపి, ముందు చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాకే జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టండి.
• చక్రాన్ని ఒక్కరే దొర్లించవద్దు. కనీసం ఇద్దరు ఉండాలి.
• రిమ్‌తో ఉన్న చక్రాన్ని షెడ్డులో చెక్కలపై పడుకోబెట్టడమే క్షేమం. చోటు లేక నిలబెడితే కింద రెండు వైపులా దిమ్మెలు పెట్టి, గొలుసుతో గానీ గట్టి మోకుతో గానీ స్తంభానికి కట్టండి. గోడకు ఊరికే ఆనించి వదలవద్దు.
• పిల్లలను వాటిపై ఎక్కనివ్వవద్దు. పశువులను వాటికి కట్టవద్దు.

2. నీరు నిలవకుండా జాగ్రత్త

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నిలిచిన నీటిలో పెరుగుతుంది. టైరు లోపలి వంపులో గ్లాసెడు నీరున్నా దానికి చాలు. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి దోమ తయారు కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. దీని గుడ్లు నీరు ఎండిపోయినా టైరు గోడకు అంటుకుని కొన్ని నెలలు బతికి ఉంటాయి. మళ్లీ వాన పడగానే పిల్లలవుతాయి. అందుకే నీరు ఒంపేయడంతో సరిపెట్టకుండా లోపలి భాగాన్ని బ్రష్‌తో రుద్ది కడగాలి.

• ఆరోగ్య శాఖ చెప్పే ఫ్రైడే-డ్రైడే రోజున, నీటి తొట్లతో పాటు టైర్లను కూడా చూసుకోండి.
• దోమల కోసమని టైరులో కిరసనాయిలు, కాలిన ఇంజిన్ ఆయిల్ పోయవద్దు. రెండూ రబ్బరును పాడుచేస్తాయి.
• గడ్డివాము పట్టాపై బరువుకు పెట్టే పాత టైర్లకు నీరు కారిపోయేలా రంధ్రాలు చేయండి.
• పనికిరాని టైర్లను కాల్చవద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు హానికరం, మంట ఆర్పడం కష్టం. పాత టైర్లు కొనేవారికి ఇచ్చేయండి.

3. రబ్బరు పగుళ్లు రాకుండా జాగ్రత్త

రబ్బరుకు ఎండ, వేడి, నూనె, ఓజోన్ వాయువు శత్రువులు. మోటార్లు నడిచేటప్పుడు, వెల్డింగ్ చేసేటప్పుడు ఓజోన్ పుడుతుంది. కాబట్టి మోటారు, స్టార్టర్ ఉన్న గదిలో టైర్లు పెట్టవద్దు.

• మట్టి కడిగి, ఆరిన తర్వాతే చీకటిగా, చల్లగా ఉన్న చోట పెట్టండి.
• డీజిల్, గ్రీజు, పురుగుమందులు, యూరియా బస్తాలు, వరిగడ్డి దూరంగా ఉంచండి. యూరియా తేమకు రిమ్ తుప్పు పడుతుంది.
• రిమ్‌తో ఉన్న టైరులో గాలి పూర్తిగా తీయకుండా, కొంత తగ్గించి ఉంచండి.
• రిమ్ లేని టైరును నిలబెట్టి కట్టి, నెలకోసారి కొద్దిగా తిప్పండి. మేకుకు గానీ కొక్కేనికి గానీ వేలాడదీయవద్దు.
• విడి ట్యూబుకు పౌడర్ రాసి, వదులుగా మడిచి, ఎలుకలు చేరని మూత డబ్బాలో పెట్టండి.
• షెడ్డు లేకపోతే ఇటుకలపై చెక్కలు పరిచి పెట్టి, పైన టార్పాలిన్ వాలుగా కట్టండి. పట్టాపై నీరు నిలవకూడదు. కింద గాలి ఆడాలి.

తిరిగి బిగించే ముందు

టైరు పక్క గోడలపై పగుళ్లు, ఉబ్బులు ఉన్నాయేమో చూడండి. లోపలి దారాలు కనిపిస్తే ఆ టైరు వాడవద్దు. టైరుపై ఉన్న నాలుగంకెల సంఖ్య తయారీ తేదీని చెబుతుంది. 2421 అంటే 2021వ సంవత్సరం 24వ వారం. స్టెప్నీలు రెండుంటే పాతది ముందు వాడండి. బాణం గుర్తు ట్రాక్టర్ ముందుకు నడిచే దిశలో ఉండేలా బిగించి, మాన్యువల్‌లో చెప్పినంత గాలి పెట్టండి. మొదటి గంట పని తర్వాత నట్లు మరోసారి బిగించడం మరవకండి.

విప్పిన ఇనుప చక్రాలను కూడా బురద కడిగి, తుప్పు గీకి, పెయింట్ వేసి నీడలో పెడితే వచ్చే సీజన్‌కు సిద్ధంగా ఉంటాయి.