కార్యాలయపు ఫోను, ఉద్యోగి ఫోను

కెనడా దేశమున వాటర్లూ పట్టణమందు మైక్ లాజరిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ అను ఇరువురు మిత్రులు 1984లో నెలకొల్పిన రీసెర్చ్ ఇన్ మోషన్ సంస్థ, 1999లో బ్లాక్‌బెర్రీ అను పేర ఈమెయిలు పేజరును విపణికి తెచ్చినప్పుడు, ఆ పరికరమును కొనువారొకరు, వాడువారు మరియొకరు అగుట ఎవరికిని వింతగా తోపలేదు. బ్యాంకులు, న్యాయవాద సంస్థలు, ప్రభుత్వ శాఖలు వానిని కొని తమ యుద్యోగుల కిచ్చుచుండెను. మెయిలు వచ్చినదా యని మాటిమాటికి వెదకు పని లేకుండ అది తానై చేతిలోనికి వచ్చుట, కార్యాలయపు సర్వరు మొదలు ఉద్యోగి చేతివరకు సందేశము సంకేతలిపిలో ప్రయాణించుట, పరికరము పోయినచో అందలి సమాచారమును దూరమునుండియే తుడిచివేయు అధికారము కంప్యూటరు విభాగమునకుండుట, వీని కన్నిటికిని మించి రెండు బొటనవ్రేళ్లతో చూడకయే టైపు చేయదగిన ఆ చిన్న కీబోర్డు, కార్యాలయముల విశ్వాసమును చూరగొన్నవి. ఆ కీబోర్డును పోటీలో ఓడిన వస్తువుగా మాత్రమే తలచుట గొప్ప శిల్పమునకు అన్యాయము చేయుటయే.

2007 జనవరి 9న ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐఫోనును ప్రదర్శించిన దినముతో ఈ కథ మలుపు తిరిగినదని పలువురందురు, నేనట్లు తలపను. ఆనాటి ఐఫోనునకు కీబోర్డు మీటలు లేవు సరికదా, కార్యాలయములు కోరు భద్రతాసాధనములును లేవు. కనుక కంప్యూటరు విభాగములు దానిని నిరాకరించుట న్యాయమే. అసలు మలుపు 2008 జూలైలో వచ్చినది. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిలును అందుకొనుట, పోయిన ఫోనును దూరమునుండి తుడిచివేయుట అను సౌకర్యములు ఐఫోనున చేరుటయు, యాప్ స్టోరు తెరువబడుటయు ఆ నెలలోనే జరిగెను. అంతట, తన సొమ్ముతో ఐఫోను కొనుక్కొన్న ఉద్యోగి దానితోనే కార్యాలయపు పనియు చేయుదునన్నప్పుడు, కాదనుటకు కార్యాలయమునకు కారణములు తగ్గిపోయినవి.

బ్లాక్‌బెర్రీ సంస్థ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. సామాన్యులకై 2006లోనే పెర్ల్ ఫోనును, 2008 చివర తాకుతెర గల స్టార్మ్‌ను విడుదల చేసెను. రెండవది లోపములతో అపకీర్తి పాలయ్యెను. వ్యాపారులను ఆకర్షించిన ఆ సంకేతలిపియే భద్రతా కారణములచే భారత ప్రభుత్వమునకు అభ్యంతరమై, 2010 ప్రాంతమున ప్రభుత్వమునకును సంస్థకును నడుమ దీర్ఘవివాదము నడచెను. 2011 అక్టోబరున బ్లాక్‌బెర్రీ సేవలు పలు ఖండములలో దినములతరబడి స్తంభించుటతో, విశ్వసనీయత యను మూలధనమే కరగెను.

2013 నాటికి ఆ సంస్థ, ఉద్యోగుల చేతులలోని ఐఫోనులను, ఆండ్రాయిడ్ ఫోనులను భద్రముగా నిర్వహించు సాఫ్ట్‌వేరును కార్యాలయములకు అమ్మసాగెను. 2016 సెప్టెంబరున, ఇకమీదట తాను స్వయముగా ఫోనులు తయారుచేయనని ప్రకటించెను.