రాళ్లపల్లివారి వరుసలు

తాడిపత్రిలో పెన్న యొడ్డున నున్న బుగ్గ రామలింగేశ్వరుని ఆలయమును, ఊరిలోని చింతల వేంకటరమణుని ఆలయమును చూచినవారు ఆ శిల్పపు పనికి విస్మయము చెందక మానరు. విజయనగర కాలమున ఈ సీమ నేలిన పెమ్మసాని నాయకుల పేర్లు చెప్పుకొనుచునే యుందురు. ఉలి పట్టిన చేతిని తలచువారు అరుదు. పాట విషయమునను ఇట్టి మరపు ఒకటి కలదు. అది మన అనంతపురము జిల్లా విద్వాంసునకే సంబంధించినది.

నేడు పెండ్లిపందిరిలో, గుడిలో, కచేరీలో అన్నమయ్య పాట వినబడుచునే యుండును. వినువారిలో పెక్కురు ఆ మాటలతోపాటు వరుసయు అన్నమయ్యదే యనుకొందురు. మాట ఆయనదే. వరుస మాత్రము, అనేక కీర్తనలకు, ఇరువదవ శతాబ్దిలో కట్టినది.

తాళ్లపాక అన్నమాచార్యుల కాలము 1408 నుండి 1503 వరకు. ఆయన 32,000 సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. వంశమువారు వానిని రాగిరేకులపై చెక్కించిరి. తిరుమల ఆలయములోని రాతి అరలో అవి నిలిచెను. శతాబ్దములు గడచెను, పాడు గొంతు కరవయ్యెను. గత శతాబ్దిలో ఆ రేకులు వెలికి వచ్చినపుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు వానిని చదివి పరిష్కరించిరి. రేకుపై పాటకు మొదట రాగము పేరుండును. ఆపై పల్లవి, చరణములు. ఏ యక్షరము ఏ స్వరముపై నిలువవలెనో చెప్పు గురుతు ఆ వేల పాటలలో దాదాపు దేనికిని లేదు. అందును ఆబాలి, కొండమలహరి వంటి రాగములు నేటి కచేరీలలో వినరానివి. జర్మనీలో జనులు మరచిన బాఖ్ మహారచన నొకదానిని 1829లో మెండెల్సోన్ మరల వినిపించెను. అతని చేతిలో స్వరములు వ్రాసిన కాగితములుండెను. మనవారి చేతిలో నున్నది మూగ రాగి.

ఆ రాగిని పలికించినవారిలో ముందు చెప్పదగినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో కంబదూరు ప్రాంతమందలి రాళ్లపల్లిలో జన్మించిరి. పాటలమీది మక్కువ తల్లి అలమేలుమంగమ్మగారి వలన అబ్బినది. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి 1949 వరకు అచ్చటనే బోధించిరి; ఆ ఊరనే బిడారము కృష్ణప్పగారి వద్ద సంగీతము నభ్యసించిరి. సాహిత్యలోకము ఆయనను 'వేమన' ఉపన్యాసములతో గుర్తుంచుకొన్నది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయమునకు 1950 ప్రాంతమున వచ్చి, రేకుల పరిష్కరణము చేపట్టి, నూటికి పైగా పాటలకు స్వరము కూర్చిరి.

పండితుడు కట్టిన వరుస యనగానే పాఠము వలె నుండునేమో యని భయపడనక్కరలేదు. శంకరాభరణములో వారు కూర్చిన 'అలరులు కురియగ' వినినచో సంగతి తెలియును. పదము విరుగు చోటనే పాట విరుగును; ఊపిరి తీయుటకై మాటను తుంచవలసిన పని లేదు. అర్థము తెలిసిన చేయి గనుక స్వరము మాటను మోయును గాని దానిపై కూర్చుండదు. ఇట్టి వరుసలో గాయకునకు తన విద్య చూపుకొను సందు తక్కువ. అది గుణమే యని నా యభిప్రాయము. గాయకులు కొందరు ఒప్పుకొనకపోవచ్చును.

తరువాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారలు తమ తమ వరుసలు కట్టిరి. 'నానాటి బ్రదుకు'ను నేదునూరివారు రేవతిలో కూర్చగా, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి గొంతున అది దేశమంతట మ్రోగినది. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పిరి. ఇంతమంది నడచిన బాటకు తొలి ముండ్లు తీసినవారు శర్మగారు.

వారికి సత్కారములు లేకపోలేదు. 1970లో సంగీత నాటక అకాడమి ఫెలోషిప్పు, 1974లో మద్రాసు సంగీత అకాడమి వారి సంగీత కళానిధి బిరుదము లభించినవి. 1979 మార్చి 11న కీర్తిశేషులైరి. అయినను వేదికపై ఆ పాట యెత్తుకొనునపుడు, రచన అన్నమాచార్యులు, రాగము శంకరాభరణము అని చెప్పి శ్రుతి సరిచూచుకొందురు. ఒకరు కట్టిన వరుసను పదిమంది పాడుటకంటె స్వరకర్తకు వేరు పూజ యేమున్నది? ఆ పూజ జరుగుచునే యున్నది, పేరు తలవని పూజ. ఆ శంకరాభరణపు వరుసకు గజ్జె కట్టి యాడు బాలికలు కూచిపూడి మొదలు అమెరికాలోని తెలుగువారి ఇండ్ల వరకు ఉన్నారు.