పోకరు విద్యాభ్యాసము

2016వ సంవత్సరపు వేసవిలో మా తమ్ముని కుమారుడు, హైదరాబాదున ఇంజనీరింగు చదువుచుండినవాడు, సెలవులకు మా యింటికి వచ్చెను. నడిరేయి దాటిన తరువాత కూడ వాని గదిలో దీపము వెలుగుచుండెను. వాడు చెవులకు తీగెలు తగిలించుకొని కంప్యూటరు తెఱవంక చూచుచు నొక నోటుపుస్తకమున ఏమో వ్రాసికొనుచుండుట చూచి, ఇప్పటికైన వీనికి చదువుమీద బుద్ధి పుట్టినదని సంతసించితిమి. దగ్గఱకు పోయి చూడగా తెఱమీద నున్నది పచ్చని బల్లయు, దానిపై పేకముక్కలును. ఎవరో యొక యువకుడు ఇంగ్లీషులో, మెల్లని గొంతుకతో, తన చేతిలోని రాణుల జతను ఏల విడిచిపెట్టుచున్నాడో కారణములు చెప్పుచుండెను.

"ఏమిరా, జూదమా?" అని యడిగితిమి.

"జూదము కాదు పెదనాన్నగారూ, పాఠము" అని వాడు బెదరక బదులు చెప్పెను.

మాకు కోపము వచ్చిన మాట నిజము. ఐనను వాని ప్రక్కను కుర్చీ వేసికొని గంటసేపు ఆ పాఠము వింటిమి. విన్న పిమ్మట నొక సంగతి ఒప్పుకొనక తప్పినది కాదు. ఆ యువకుడు మంచి ఉపాధ్యాయుడు. తాను చేసిన తప్పును తానే యెత్తి చూపి, అది యెందువలన తప్పో విప్పి చెప్పెను. చిన్ననాట మాకు గణితము చెప్పినవారిలో అట్టివారు తక్కువ. ముక్క దాచుటయే ప్రాణముగా గల యాటకు ఇట్టి గురువు లెట్లు పుట్టిరి? తమ గుట్టును తామే యేల అమ్ముకొనుచున్నారు? ఈ ప్రశ్నలు నాటినుండి మమ్ము వదలలేదు. చదివి తెలిసికొన్నంత చదువరుల ముందుంచుచున్నాము. నడిరేయి దీపములు వెలుగు ఇండ్లు మాది యొక్కటియే కాదని యెఱుగుదుము.

పోకరు పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున అమెరికాలోని న్యూ ఆర్లియన్సు ప్రాంతమున రూపు దాల్చి, మిస్సిసిపీ నదిమీది పొగయోడల వెంట దేశమున వ్యాపించినది. మొదట 20 ముక్కలతో ఆడిరి. పిదప 52 ముక్కల నిండు పేక వాడుకలోనికి వచ్చెను. ఓడలలో వర్తకులును తోటల యజమానులును రొక్కము వెంటనిడుకొని దూరప్రయాణములు చేయుచుండిరి. వారి సరసను కూర్చుండు పెద్దమనుష్యులలో కొందఱు వృత్తి జూదరులు. ఆ దినములలో నేర్పనగా చాలవఱకు మోసమే: ముక్కల వెనుక గుఱుతులు, కలుపుటలో హస్తలాఘవము, జతకాండ్ర సైగలు. జానథన్ గ్రీన్ అను జూదగాడు ఆ వృత్తిని విడిచి, 1843లో ఆ మోసములను బట్టబయలు చేయు పుస్తకమును ప్రకటించెను. దానిని గూర్చి ఉపన్యాసములు నిచ్చెను. ఆ తొలి గురువు జనులను బల్లయొద్దనుండి లేపుటకై గుట్టు విప్పినాడు. తరువాతివారు కూర్చుండబెట్టుటకై విప్పిరి.

మోసమును తీసివేసిన పిమ్మట ఈ యాటలో మిగులు విద్య యేమి? దీనికి నిక్కమైన సమాధానము జూదశాలలనుండి గాక గణితశాస్త్రమునుండి వచ్చినది. హంగేరీ దేశమున బుట్టిన జాన్ వాన్ నాయిమన్ 1928లో ఆటల సిద్ధాంతమును గూర్చి జర్మను భాషలో వ్యాసము వ్రాసెను. 1944లో ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్ అను అర్థశాస్త్రజ్ఞునితో గూడి వెలువరించిన గ్రంథమున పోకరునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. చదరంగమున బలము లన్నియు కన్నులయెదుట నుండును. ఇందు ఎదుటివాని ముక్కలు కానరావు. మంచి ముక్కలు వచ్చినపుడు మాత్రమే పందెము పెంచువాని స్వభావము కొన్ని యాటలలోనే యెల్లరకు తెలిసిపోవును. వాడు పెంచినంతనే తక్కినవారు తప్పుకొందురు. కావున అప్పుడప్పుడు చెత్తముక్కలతోను పెంచవలెను. ఎన్నిమాఱులు పెంచవలె ననునది గుండెధైర్యమును బట్టి గాక లెక్కను బట్టి తేలును. బ్లఫ్ అని వారును, బుకాయింపు అని మనమును చెప్పుకొను పనికి గణితమున నొక కొలత గలదని ఇట్లు స్థిరపడినది.

ఆటగాండ్రకు ఆ గ్రంథము కొఱుకుడు పడునది కాదు. వారి గురువులు వేఱు. 1957లో హెర్బర్ట్ యార్డ్లీ తన పోకరు చదువును కథలవలె చెప్పిన పుస్తకమును వెలువరించెను. ఈయన పరదేశముల రహస్యలిపులను విప్పు అమెరికా ప్రభుత్వశాఖకు అధిపతిగా నుండి, 1931లో ఆ శాఖ గుట్టునే పుస్తకముగా అచ్చొత్తించిన ఘనుడు; దాచుకొనుట అతని స్వభావమున లేదు కాబోలు. 1970లో లాస్ వేగాస్ నగరమున ప్రపంచ పోకరు పోటీలు మొదలయ్యెను. 1976, 1977 సంవత్సరములలో వరుసగా ప్రధాన పోటీని గెలిచిన డాయిల్ బ్రన్సన్, ఆ దశకము చివర తోడి నిపుణులచే గూడ వ్రాయించి, సూపర్ సిస్టమ్ అను పెద్ద గ్రంథమును 100 డాలర్ల వెలకు అమ్మెను. అందువలన తన యాటతీరు నలుగురకు తెలిసిపోయి, బల్లయొద్ద తనకు నష్టమే కలిగినదని ఆయన పిమ్మట చెప్పుకొనెను.

ఇచ్చట మేమొకింత ఆగి ఆలోచింపవలసి వచ్చినది. ఒక రైతు మేలైన విత్తనపు కిటుకు పొరుగువానికి చెప్పిన ఇద్దఱి పొలములును పండును. పంచినకొలది పెరుగునది విద్య యని మన మనుకొనుట ఇట్టివాని చూచియే. పోకరుబల్లమీద పైరు పెరుగదు. ఉన్న సొమ్మే చేతులు మాఱును. శిష్యుడు నేర్చిన ప్రతి పాఠమును గురువు కంచములోనిదో, మఱియొక శిష్యుని కంచములోనిదో యొక ముద్దను తీసికొనును. అట్టి విద్యను బోధించువాడు పిచ్చివాడైన కావలెను, బోధనయే ఆటకన్న నిలుకడగల జీవనమని తెలిసినవాడైన కావలెను. బ్రన్సన్ నాటికి ఇది యింకను తేలలేదు. కంప్యూటరు వచ్చి తేల్చినది.

అంతకు ముందు నొక చిన్న యుపాయము ఆటను మార్చివేసినది. నాజీల చెఱలనుండి బ్రతికి బయటపడి అమెరికా చేరిన హెన్రీ ఓరెన్‌స్టీన్ అను బొమ్మల నిర్మాత, ఆటగాని రహస్యపు ముక్కలను ప్రేక్షకులకు మాత్రము చూపు కెమెరా పద్ధతికి 1995లో హక్కుపత్రము పొందెను. 1999లో ఇంగ్లండు టెలివిజనులో బల్లక్రింద అద్దములమీదుగా ముక్కలను చూపుచు పోకరును ప్రసారము చేసిరి. అంతవఱకు పోకరును చూచుట యనగా మౌనముగా కూర్చున్న మనుష్యులను చూచుటయే. ఇప్పుడు ఎవడు బుకాయించుచున్నాడో ఇంట కూర్చున్న యవ్వకు గూడ తెలియవచ్చెను. 1998లోనే ఆన్‌లైన్‌లో రొక్కపు పోకరు మొదలై యుండెను. 2003లో టెనెసీ రాష్ట్రపు గుమాస్తా యొకడు, లెక్కలు వ్రాయువాడు, నూఱు డాలర్లకు లోపు రుసుముతో ఆన్‌లైన్ పోటీలో గెలిచి, ఆ మార్గమున లాస్ వేగాస్ ప్రధాన పోటీకి పోయి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గొనివచ్చెను. అతని యింటిపేరు మనీమేకర్. మేము కల్పించినది కాదు. మూడేండ్లలో, 2006 నాటికి, ఆ పోటీకి వచ్చినవారు 8,773 మంది.

ఈ జనమంతయు నేర్చుకొనవలె ననుకొన్నది. 2005లో టేలర్ కేబీ మొదలగు యువకులు కార్డ్ రన్నర్స్ అను పేర నెలచందాల పాఠశాల నొకదానిని నెలకొల్పిరి. తరువాత నిట్టివి పెక్కు వెలసినవి. వీని పద్ధతి తేలిక. నిపుణుడు తన కంప్యూటరు తెఱమీద ఆడుచు, ఆ యాటను చిత్రముగా పట్టుచు, తన మనస్సులోని ఆలోచనను పైకి చెప్పును. ముఖాముఖి బల్లయొద్ద ఇది యసంభవము. నోరు విప్పిన సొమ్ము పోవును. మన సంగీతవిద్వాంసుల యిండ్ల శిష్యులు గురువు సాధన చేయునపుడు వెనుక కూర్చుండి పట్టుకొన్నది ఎట్టిదో, ఇదియు నట్టిదే. చేయి యేమి చేయునో పుస్తకము చెప్పగలదు. తప్పు దారి పట్టబోయి వెనుదిరిగిన యాలోచనను విననిదే గ్రహింపలేము.

మా వాడు వినుచుండిన పాఠమునుండి యొక లెక్క చెప్పెదము. టెక్సస్ హోల్డెమ్ అను పద్ధతిలో ఒక్కొకరికి రెండేసి ముక్కలు రహస్యముగా వచ్చును. నడుమ ఐదు ముక్కలు, ముందు మూడు, పిదప ఒకటి, తుదకొకటి, అందఱకు ఉమ్మడిగా తెఱవబడును. నాలుగు తెఱచినారు. నీ చేతివియు బల్లమీదివియు గలసి నాలుగు ఆఠీనులున్నవి. ఐదవది వచ్చిన గెలుపు నీదే. నడుమ 100 రూపాయలుండగా ఎదుటివాడు 50 వేసినాడు. నీవు 50 వేసిన 150 రావచ్చును. అనగా నాలుగింట నొకమాఱైన గెలిచిననే గిట్టుబాటు. నీవు చూచినవి ఆఱు ముక్కలు, చూడనివి 46, అందు ఆఠీనులు తొమ్మిది. అది ఐదింట నొకటికన్న తక్కువ. తుదిముక్క పడిన పిదప మఱికొంత సొమ్ము రాబట్టగల వీలు లేనియెడల తప్పుకొనవలెను. తప్పుకొనక వేసి, ఆఠీను పడి, సొమ్ము గెలిచినను ఆ పని తప్పే. ఆ నోటుపుస్తకమున ఎఱ్ఱసిరాతో "గెలిచితిని, తప్పు" అని వ్రాసికొన్న పంక్తులు మేము చూచితిమి. ఫలమునుబట్టి పనిని మెచ్చుకొను మన యలవాటుకు ఇంత గట్టి చికిత్స మఱియొకచోట కానము.

ఊరక చూచిన లాభము లేదు. గురువు నిర్ణయము చెప్పబోవు క్షణమున చిత్రమును ఆపి, తన నిర్ణయమును కారణముతో వ్రాసికొని, పిదప విని పోల్చుకొనవలెనట. ఆడిన ప్రతి యాటయు కంప్యూటరున అక్షరరూపమున నిలిచియుండును గనుక, దానిని గురువునకు చూపి దిద్దించుకొనవచ్చును. బల్లయొద్ద గంటకు సుమారు 30 ఆటలు సాగిన, తెఱమీద ఒక్క బల్లయందే అందుకు రెట్టింపు. ఆఱేడు బల్లల నొకేమాఱు నడపువారును గలరు. పొగయోడల జూదరి జన్మమంతయు గడించిన యనుభవమును కుఱ్ఱవాడు ఒక యేట ముగించును. ఈ లిఖితములే యొకప్పుడు దొంగలనుగూడ పట్టియిచ్చెను. 2007లో ఒక ఆన్‌లైన్ జూదశాలలో ఎదుటివారి ముక్కలు కనబడు మార్గమును లోపలివారే వాడుకొనుచుండగా, ఆటగాండ్రు ఆటల లిఖితములను పరిశీలించి, ఇట్టి గెలుపు మానవమాత్రునికి పొసగదని లెక్క కట్టి చూపిరి. గ్రీన్ చూచిన యుండిన సంతోషించెడివాడు.

ఐతే అందఱును చదువుకొనిన యేమగును? 2005లో ఒక పాఠము విన్నవానికి బల్లచుట్టు వినని వారైదుగురు దొరకిరి. కొన్నియేండ్లకు ఆర్గురును విన్నవారే. 2006లో అమెరికా ప్రభుత్వము ఈ యాటలకు సొమ్ము చేరవేయుట నఱికట్టు చట్టము చేసెను; 2011 ఏప్రిలు 15న పెద్ద జూదశాలల గుమ్మములను మూసివేసెను. సరదాకు వచ్చి పోగొట్టుకొను జనము తగ్గెను. పాఠములు మాత్రము తగ్గలేదు. అటుపిమ్మట యంత్రములు వచ్చినవి. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు ఇద్దఱాడు పరిమిత పందెపు పద్ధతిని దాదాపు సంపూర్ణముగా పరిష్కరించితిమని ప్రకటించిరి. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారి లిబ్రేటస్ అను యంత్రము పిట్స్‌బర్గున నలుగురు మేటి యాటగాండ్రతో 1,20,000 ఆటలాడి నలుగురిని ఓడించెను. నేటి గురువు యంత్రముతో తన నిర్ణయములను సరిచూచుకొని శిష్యులకు చెప్పుచున్నాడు. గురువే శిష్యుడైనాడు, చందా మాత్రము గురువునకే.

మఱియొక చేయి అన్ని బల్లలమీదను గలదు. నడుమ చేరిన సొమ్మునుండి సామాన్యముగా నూటికి ఐదుచొప్పున, ఒక మితివఱకు, నిర్వాహకుడు కమీషను తీసికొనును. ఆర్గురును సమానముగా నేర్చినవారైన, ఆర్గురును మెల్లమెల్లగా ఓడుదురు. ఓడినవాడు పాఠములు చెప్పడు. చెప్పినను ఎవరును వినరు. కావున తెఱమీద కనబడువారందఱు గెలిచినవారే యగుటచేత, నేర్చినవారెల్ల గెలుతురని కుఱ్ఱవానికి తోచుట సహజము.

నేర్పు గలదా, అదృష్టమా అను వాదము మనకు గ్రొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెచ్చిన వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన యాట యని చెప్పినది. ఐనను 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశ్‌ను తమ చట్టములను సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టులో సొమ్ము పెట్టియాడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని, నేర్పువానితో సహా, నిషేధించు చట్టమును పార్లమెంటు చేసినది. నేర్పు గలదా యను ప్రశ్నకు కుటుంబములు నడిగినది వేఱొక ప్రశ్న: నేర్పుండినను ఇంటికి చేరునదేమి?

మా వాడు ఈ ప్రశ్నను చట్టముకన్న ముందే తనకు తాను వేసికొనెను. చిన్న పందెములే యాడెడివాడు. ఆ వేసవి చివర నొకనాటి ప్రొద్దున పుస్తకమున మూడు గీతలు గీసి, తోటియాటగాండ్రనుండి గెలిచిన దొకచోటను, కమీషను ఒకచోటను, నెలచందాలు ఒకచోటను కూడినాడు. మొదటి మొత్తము లాభమే. వాడు నిజముగా నేర్చినాడు. దానిని మేము కాదనము. తక్కిన రెండును గలసి మొదటిదానిని మించినవి.

"నేను వాండ్లను గెలిచితిని పెదనాన్నగారూ" అని మాత్ర మనెను. పిదప చాలసేపు మాటాడలేదు.

ఆ పుస్తకమును మా యింటనే విడిచిపోయెను. సగము పుటలు ఖాళీగా నుండుటచే, మా కోడలు అందు పాలవాని లెక్క వ్రాయుచున్నది.