యారాకు ఆ పేరెలా వచ్చింది?

మెల్‌బోర్న్ నడిబొడ్డున పారే యారా నదికి ఆ పేరు పొరపాటున వచ్చింది. పొరబడిన మనిషే ఆ సంగతి రాసిపెట్టి వెళ్లాడని చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

1835లో, వలసదారు జాన్ బాట్‌మన్ బృందానికి సర్వేయరుగా జాన్ హెల్డర్ వెడ్జ్ ఆ నేల చూడడానికి వచ్చాడు. వెంట ఇద్దరు ఆదివాసులున్నారు. నది కనబడగానే వాళ్లు అటు చెయ్యి చూపి "యారా యారా" అన్నారు. అదే నది పేరు కాబోలనుకున్నాడు వెడ్జ్. తిరుగుదారిలో వెర్రిబీ నది దాటుతుంటే అక్కడి చిన్న జలపాతాన్నీ వాళ్లు అదే మాటతో పిలిచారు. అది నీళ్లు దూకే చోటుకు వాళ్లు వాడే మాటని అప్పుడు తెలిసింది. ఏం లాభం? పేరు మాత్రం అతుక్కుపోయింది.

యారాలోనూ నీళ్లు దూకే చోటొకటి ఉండేది. ఇప్పటి నగరం మధ్యలో నదికి అడ్డంగా నల్లరాతి గట్టు. దాని కింద సముద్రపు పోటుతో ఎగదన్నే ఉప్పునీరు, పైన తాగే మంచినీరు. ఆ ప్రాంతపు ఆదివాసులైన కూలిన్ జాతులవాళ్లు ఆ రాళ్ల మీదుగానే నది దాటేవారు. 1835 ఆగస్టులో ఎంటర్‌ప్రైజ్ ఓడలో వచ్చిన వలసదారులు అక్కడే దిగారు. మంచినీళ్లుండబట్టే ఊరు అక్కడ వెలిసింది. పడవలకు అడ్డమనీ, వరదలకు కారణమనీ 1880 దశకంలో ఆ గట్టును మందుగుండుతో పేల్చేశారు. వరదల బాధ నిజమే. అయినా తనకు చోటు చూపిన రాళ్లనే ఊరు మట్టుబెట్టడం నాకు మింగుడుపడదు.

వెడ్జ్ రాకముందు వేల ఏళ్లుగా కూలిన్ జాతుల్లో ఒకటైన వురుంజెరి ప్రజలు ఈ నదిని బిర్రరుంగ్ అనేవారు. పొగమంచు నది అని అర్థం చెబుతారు. కొండల్లో పుట్టిన నదికి తగిన పేరు. బా బా కొండకు చేరువలో, ఆకాశమంత ఎత్తు మౌంటెన్ యాష్ చెట్ల అడవుల్లో మొదలై 242 కిలోమీటర్లు నడిచి పోర్ట్ ఫిలిప్ అఖాతంలో కలుస్తుంది. ఆ అఖాతం ఒకప్పుడు పొడి మైదానం. దాని మీదుగానే ఈ నది పారేది. సముద్రం వచ్చి ముంచెత్తిన కథను ఆ తీరపు ఆదివాసులైన బూన్‌వురుంగ్ పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు.

అసలు పేరు పోగొట్టుకున్నది యారా ఒక్కటే కాదు. ఆస్ట్రేలియాలోనే ఉన్న మర్రీ నది సంగతి ఇంకా అన్యాయం. 1824లో అన్వేషకుడు హ్యూమ్ దానికి తన తండ్రి పేరు పెట్టాడు. 1830లో మరో అన్వేషకుడు స్టర్ట్ అదే నదికి లండన్‌లోని వలసల మంత్రి జార్జ్ మర్రీ పేరు తగిలించాడు. ఒడ్డున బతికే యోర్టా యోర్టా ప్రజల ధుంగాలా అన్న పేరు ఇద్దరికీ పట్టలేదు.

2017లో విక్టోరియా శాసనసభ యారా రక్షణకు చట్టం చేసింది. దాని పేరులోనే వురుంజెరి ప్రజల వోయ్‌వురుంగ్ భాష మాటలున్నాయి: విలిప్ గిన్ బిర్రరుంగ్ మురోన్. బిర్రరుంగ్‌ను బతికించుకుందాం అని భావం. మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లు పిల్లలతో ఆ ఒడ్డుకు వెళ్లినప్పుడు, యారాతో పాటు ఆ అసలు పేరు కూడా వాళ్లకు నేర్పండి.