ఉత్తరం పోస్టులో వేశాక

ప్రేమలో దెబ్బతిన్న కుర్రాడు గడ్డం పెంచితే చాలు, 'దేవదాసు అయిపోయాడు' అంటాం. మద్రాసులో అన్నా, బళ్లారిలో అన్నా, బరంపురంలో అన్నా తెలుగువాడికి అర్థం ఒక్కటే. ఒక బెంగాలీ నవల మన వాడుకకు ఇచ్చిన మాట ఇది. అయితే ఆ మాటలో ఉన్నది సగం కథే. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, సాహిత్య విమర్శకుణ్ణి కాను. లెక్కలో తేడా ఎక్కడ వచ్చిందో వెదకడం మాత్రం అలవాటు. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలు.

శరత్‌చంద్ర చటోపాధ్యాయ (1876-1938) చిన్న వయసులోనే 'దేవదాసు' రాసి, చాలాకాలం అచ్చుకివ్వకుండా ఉంచుకున్నాడు. 1917లో అది పుస్తకంగా వచ్చింది. చక్రపాణి గారి అనువాదాల పుణ్యమా అని శరత్ మన ఇంటి రచయిత అయిపోయాడు. 1953లో వినోదా వారు వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో సినిమా తీశారు. అదే ఏడు తమిళంలోనూ విడుదల చేశారు. రెండింటిలోనూ అక్కినేని, సావిత్రే. తమిళనాట స్థిరపడిన మనవాళ్లూ, పక్కింటి తమిళులూ ఒకే దేవదాసు కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లలో సీసా మిగిలింది, ఉత్తరం మరుగున పడింది.

నవలలో అసలు కీలకం ఆ ఉత్తరమే. పార్వతి పరువును పణంగా పెట్టి, అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చి మనసు విప్పింది. అతను తండ్రిని అడిగి, కాదనిపించుకుని, కలకత్తా వెళ్లిపోయి ఆమెకు జాబు రాశాడు. పెద్దల మనసు నొప్పించలేనన్నాడు, మీ ఇంటి సంబంధం మావాళ్లకు తగదన్నాడు. అంతటితో ఆగక, నీ మీద నాకు అంత ప్రేమ ఉన్నట్టు ఎన్నడూ అనిపించలేదని కూడా రాశాడు. విచిత్రమేమిటంటే అతను అబద్ధమాడలేదు. నిజంగానే అతనికి తెలియదు! ఉత్తరం పెట్టెలో పడిన మరుక్షణం నుంచి ఆలోచన తలకిందులైంది. పరుగున తిరిగి వచ్చేసరికి ఆమె మనసు గాయపడి, అభిమానం అడ్డు నిలిచింది.

చిన్ననాటి నుంచి కలిసి పెరిగిన పిల్ల మీద ప్రేమ ఎందుకు కనిపించలేదు? పార్వతి వాళ్లది పెళ్లిళ్లలో ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే వంశం. అంటే మన కన్యాశుల్కమే. విజయనగరంలో గురజాడ నాటకం 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. ఆంధ్రంలోనూ వంగదేశంలోనూ పెళ్లి ఒక బేరంగా నడిచిన రోజులవి. ఆ బేరంలో కులం, వంశం, సొమ్ము అన్నిటికీ పద్దులున్నాయి, పిల్లవాడి మనసుకు పద్దు లేదు. పద్దు లేనిదాన్ని దేవదాసు చూడనే లేదు. ఇంటివాళ్ల కళ్లతోనే తన మనసును కూడా చూసుకున్నాడు.

చంద్రముఖి విషయంలోనూ అంతే. అతని కోసం వృత్తి మానుకుని పల్లెకు పోయింది. మళ్లీ అతని కోసమే కలకత్తా వచ్చి, వెదికి, వీధిలో పడి ఉన్నవాణ్ణి ఇంటికి తెచ్చి సేవ చేసింది. ఆ ప్రేమ విలువ తెలిసేసరికి అతని ఆయువే కరిగిపోయింది. చివరికి పార్వతి అత్తవారి ఊరు చేరి, ఆమె ముఖం చూడకుండానే ప్రాణం విడిచాడు.

తాగుడు అతని పతనానికి కారణం కాదు, ఫలితం. కారణం ఆ ఉత్తరంలో ఉంది. మనం మాత్రం ఫలితాన్ని జాతీయంగా చేసుకుని, కారణాన్ని వదిలేశాం. అందుకే పొరపాటు చేసినవాడికి భాషలో ఒక పేరు దక్కింది. తెగించి వచ్చి నోరు విప్పి చెప్పిన పిల్లకు ఏమీ దక్కలేదు. 'పార్వతి అయిపోయింది' అని ఎవరైనా అనగా విన్నారా? ఈసారి ఎవరినైనా దేవదాసు అనబోయే ముందు, అతను ఎవరి మాట వినిపించుకోలేదో కూడా ఒక్కసారి అడిగి చూడండి.